గండికోట టెంట్లకు బావగారి కెమెరా తీసుకెళ్తున్నాం: ఫోకస్, రాత్రి ఫొటోలు, లెన్సుల మీద సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి కారులో గండికోట వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (9 ఏళ్లు, 5 ఏళ్లు), మా అత్తగారు. ఒక రాత్రి లోయ దగ్గర టెంట్లలో ఉండి, మర్నాడు కోట చూసుకుని బయల్దేరతాం.

మా బావగారు తన నికాన్ డీ750 ఇచ్చారు. దాంతోపాటు 24-120 ఎఫ్/4, 50 ఎంఎం ఎఫ్/1.8, 70-200 ఎఫ్/2.8 లెన్సులు, ఒక ట్రైపాడ్, రెండు బ్యాటరీలు. "వాడి చూడు, నచ్చితే నువ్వూ ఒకటి కొనుక్కుందువు గానీ" అన్నారు. ఆయన డ్యూటీలో ఉంటారు, ప్రతిదానికీ ఫోన్ చేసి విసిగించలేను. నాకేమో ఇంతవరకు ఫోన్ కెమెరా తప్ప వేరేది తెలియదు.

నిన్న ఇంట్లో తీసి చూస్తే షట్టర్ బటన్ సగం నొక్కినా ఫోకస్ అవ్వడం లేదు. వ్యూఫైండర్లో అంతా మసగ్గా ఉంది, లోపల కనిపించే అంకెలు కూడా. నా చేతిలోకి రాగానే పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇది కాక, రాత్రి చుక్కల ఫొటో, మంట దగ్గర పిల్లల ఫొటో ఎలా తీయాలి? మూడు లెన్సులూ మోసుకెళ్లాలా? అన్నిటికంటే ముఖ్యం, వస్తువు ఎలా ఇచ్చారో అలాగే తిరిగి అప్పజెప్పాలి.

జవాబు 1

కెమెరా పాడవలేదండీ, నిశ్చింతగా ఉండండి. రెండు లక్షణాలకీ చాలా మామూలు కారణాలే ఉంటాయి.

మొదట ఫోకస్ సంగతి. కెమెరా వెనకవైపు, కుడి బొటనవేలికి అందేచోట "ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్" అని రాసిన బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని చూడండి. లెన్సు తిరిగి ఫోకస్ అయితే మీ బావగారు ఆ పనిని వెనక బటన్‌కి మార్చుకున్నారన్నమాట. డీ750లో అలా మారిస్తే షట్టర్ బటన్ ఇక ఫొటో తీయడానికే, ఫోకస్ చేయదు. కొన్నేళ్లుగా కెమెరా వాడేవాళ్లలో చాలామంది అలాగే పెట్టుకుంటారు. అప్పటికీ కదలకపోతే లెన్సు పక్కనున్న స్విచ్ "ఎమ్/ఏ" మీద ఉందో, ఒట్టి "ఎమ్" (చేత్తో ఫోకస్) మీద ఉందో చూడండి. కెమెరా ముందువైపు, లెన్సు బిగించే చోటు పక్కన ఇంకో చిన్న మీట ఉంటుంది. అది "ఏఎఫ్" వైపు ఉండాలి.

మసక సంగతి. లోపలి అంకెలు కూడా మసగ్గా ఉన్నాయన్నారు కదా, అసలు ఆనవాలు అదే. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, చూసేవాళ్ల కంటి చూపుకి తగ్గట్టు సర్దుకోవడానికి. ఇప్పుడది ఆయన కంటికి సరిపోయేలా ఉంది. దృశ్యం వైపు చూడకుండా లోపలి అంకెల మీదే చూపు పెట్టి, అవి స్పష్టంగా కనబడేవరకు మెల్లగా తిప్పండి. ఫొటో స్పష్టతకీ ఈ చక్రానికీ సంబంధం లేదు, మీ కంటికి కనబడే తీరే మారుతుంది.

అయితే ఏది మార్చబోయినా ముందు ఒక పని చేయండి. అరువు కెమెరా విషయంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. సెటప్ మెనూలో "సేవ్/లోడ్ సెట్టింగ్స్" అని ఉంటుంది. స్లాట్ 1లో మీ సొంత కార్డు పెట్టి సేవ్ కొట్టండి. మెనూల్లో ఆయన పెట్టుకున్న అమరికలు ఒక ఫైల్‌గా ఆ కార్డులోకి వస్తాయి. వెంటనే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే కార్డు ఫార్మాట్ చేస్తే ఆ ఫైలూ పోతుంది. తిరిగి ఇచ్చే ముందు అదే ఫైల్‌ను కార్డులో వేసి లోడ్ చేస్తే సరి. కంటి చక్రం, లెన్సు స్విచ్‌ల లాంటివి ఇందులో రావు. వాటిని ఇప్పుడున్న స్థితిలోనే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మోడ్ చక్రం మీద యూ1, యూ2 అని ఉంటాయి. అందులో ఆయన సొంత లెక్కలు ఉండొచ్చు, వాటిలో కొత్తగా ఏమీ దాచకండి. రీసెట్ జోలికి అసలే వెళ్లొద్దు.

లెన్సుల్లో 70-200ని ఇంట్లోనే ఉంచండి. అదొక్కటే దాదాపు కేజీన్నర. ఐదేళ్ల పిల్లను ఎత్తుకుని కోటలో తిరిగేటప్పుడు ఆ బరువు మెడకు వేలాడితే సాయంత్రానికి కెమెరా అంటేనే విసుగొస్తుంది. 24-120 కెమెరాకే ఉంచి, 50ని బ్యాగులో వేసుకోండి.

అడిగినవారు

చాలా థాంక్సండీ! వెనక బటన్ నొక్కగానే ఫోకస్ అయింది, చక్రం తిప్పితే అంకెలూ స్పష్టంగా వచ్చాయి. పెద్ద బరువు దిగింది. ఇంకో సందేహం: నేను కూడా ఫొటోలో ఉండాలంటే మా ఆవిడకో, పెద్దవాడికో కెమెరా ఇవ్వాలి. వాళ్లందరికీ ఈ వెనక బటన్ అలవాటు చేయాలా?

జవాబు 1

అక్కర్లేదండీ. పైన చెప్పినట్టు సెట్టింగ్స్ సేవ్ చేసుకున్నాక కస్టమ్ సెట్టింగ్స్ మెనూలో ఆ బటన్ పనిని "ఏఈ/ఏఎఫ్ లాక్"కి మార్చేయండి. షట్టర్ సగం నొక్కితేనే ఫోకస్ అవుతుంది, అందరికీ హాయి. పెద్దవాడికి ఇచ్చేటప్పుడు మెడ పట్టీ ముందు వాడి మెడలో వేసి, తర్వాతే కెమెరా చేతికివ్వండి.

జవాబు 2 (జమ్మలమడుగు నుంచి)

అన్నా, మాది గండికోటకు పదిహేను కిలోమీటర్ల దూరమే. కెమెరా సంగతులు పైనాయన బాగా చెప్పినారు, నేను జాగా గురించి చెప్తా.

లోయ అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. బండల మధ్య సందులుంటాయి. వ్యూఫైండర్లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వేయొద్దు, ముందుకైనా వెనక్కైనా. నిలబడు, తియ్యి, కన్ను తీసెయ్, అప్పుడు కదులు. "కొంచెం వెనక్కి జరగండి" అని ఇంటోళ్లకు చెప్పే మాట అక్కడ నోటికి రాకూడదు. వాళ్లను ఉన్నచోటే ఉండనిచ్చి నువ్వు జూమ్ తిప్పుకో. ఐదేళ్ల పిల్ల చెయ్యి ఎవరో ఒకరు పట్టుకునే ఉండాల.

గాలి ఎక్కువ. ట్రైపాడ్ నిలబెడితే నడిమి కడ్డీ పైకి లేపొద్దు, కాళ్లు వెడల్పుగా పెట్టి, బరువు కోసం కెమెరా బ్యాగును ట్రైపాడ్ కింద తగిలించు. దాన్ని వదిలేసి పక్కకు పోవద్దు. టెంట్ తాళ్లు రాత్రి కనపడవు, పిల్లలు తట్టుకుని పడేది అక్కడే, కాబట్టి ట్రైపాడ్ టెంట్లకు దూరంగా పెట్టు. ఎర్రదుమ్ము కూడా ఉంటుంది. లెన్సు మార్చాలంటే కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించి మార్చు. లెన్సు మీద దుమ్ము పడితే టవల్‌తో, చీర కొంగుతో తుడవొద్దు, నోటితో ఊదొద్దు. గుప్పిట్లో పట్టే రబ్బరు బ్లోయర్ తెచ్చుకో.

జనవరిలో పొద్దు పొడిచేది ఆరూముప్పావుకి అటూఇటూ. ఆరుంబావుకల్లా చోటు చూసుకుని కూర్చుంటే ఎర్రమల కొండల మీద రంగులు మారేది మొత్తం దొరుకుతుంది. లోయ నీడలో ఉంటుంది, ఆకాశం మాత్రం మెరుస్తా ఉంటుంది. ఆ తేడాకు కెమెరా తికమక పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) ఒక మెట్టు తగ్గించి, రా ఫైల్‌లో (వివరాలన్నీ దాచే ఫైల్) తియ్యి. తర్వాత కంప్యూటర్‌లో నీడల్ని లేపుకోవచ్చు.

కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు దగ్గర చేత్తో పట్టుకుని తీసుకోవడానికి ఇబ్బంది లేదు. ట్రైపాడ్ మాత్రం దించొద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో దానికి ముందే అనుమతి కావాల.

జవాబు 3

రాత్రి ఫొటోల గురించి నేను చెప్తానండీ, ఇది నాకు ప్రాణం.

ముందు క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో చూడండి. చంద్రుడు లేని రాత్రయితేనే చుక్కలు నిండుగా కనిపిస్తాయి. జనవరి సాయంత్రాల్లో పాలపుంత నడిభాగం కనబడదు, దానికోసం వెతకొద్దు. తూర్పున ఒరాయన్ మూడు చుక్కలు, నడినెత్తి మీద పిల్లలకోడి, దాని పక్కనే ఎర్రటి రోహిణి కనబడతాయి. పిల్లలకు అవి చూపిస్తూ తీయండి.

మోడ్ చక్రం "ఎమ్" మీద (అన్నీ మనమే పెట్టుకునేది), 24 ఎంఎం, ఎఫ్/4 (లెన్సు ద్వారం, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), 20 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగును పట్టే స్థాయి) 3200. ఇది మొదటి షాట్. తక్కువ వెలుగుగా వస్తే ఐఎస్ఓ 6400కి పెంచండి. 500ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీది ఎంఎం అంకె) భాగిస్తే ఎన్ని సెకన్ల వరకు చుక్కలు గీతలుగా సాగవో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 24కి దాదాపు 20 సెకన్లు, 50 లెన్సుకైతే పదే.

చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు. లైవ్ వ్యూ (వెనక తెర మీద దృశ్యం చూసే పద్ధతి) పెట్టి, బాగా మెరిసే ఒక చుక్కను తెర మీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేవరకు చేత్తో రింగు తిప్పండి. తర్వాత ఆ రింగుని, జూమ్‌ని ముట్టుకోవద్దు. లెన్సు మీద వీఆర్ (చేతి వణుకును సరిచేసేది) ఆపేయండి. షట్టర్ వేలితో నొక్కితే కెమెరా అదురుతుంది, సెల్ఫ్ టైమర్ పెట్టండి. ఫొటో తీశాక కెమెరా ఇంకో 20 సెకన్లు పలకకపోతే కంగారు పడొద్దు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే అంతే సమయం తీసుకుంటుంది. పిల్లలు చలిలో ఎదురుచూస్తుంటారు కాబట్టి దాన్ని ఆపేసుకోండి.

మంట దగ్గరికి 50 ఎఫ్/1.8. ఆటో మోడ్‌లో పెడితే పైనున్న ఫ్లాష్ దానంతటదే లేచి మంట వెలుగంతా చంపేస్తుంది, కాబట్టి మళ్లీ "ఎమ్"లోనే, ఎఫ్/2, సెకనులో నూరో వంతు, ఐఎస్ఓ 3200. వైట్ బ్యాలెన్స్ "డైరెక్ట్ సన్‌లైట్" పెడితే మంట రంగు మంటలాగే ఉంటుంది. మీ అత్తగారు కథ చెబుతుంటే పిల్లలు మంట వైపు మొహం పెట్టి వింటారు చూడండి, అప్పుడు పక్కనుంచి తీయండి. ఒక చెంప మీద వెలుగు, ఇంకో చెంప మీద చీకటి. కెమెరా వైపు చూడమని పిలిస్తే అది పోతుంది.

ఒక జాగ్రత్త. డీ750 బ్యాటరీ పవర్ బ్యాంకుతో ఎక్కదు, దాని చార్జరే కావాలి. లైవ్ వ్యూ బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. రెండూ ఇంట్లోనే నిండుగా చార్జ్ చేసి, చార్జర్ కూడా వెంట పెట్టుకోండి.

అడిగినవారు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈరోజు రాత్రి డాబా మీద చుక్క ఫోకస్ సాధన చేస్తాను. ట్రిప్ అయ్యాక ఇలాంటిది కొనాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1

వచ్చాక ఫొటోలన్నీ కంప్యూటర్లో వేసి, మీకూ ఇంట్లోవాళ్లకూ నచ్చినవి ఏరండి. ఒక్కోదాని వివరాల్లో ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో ఉంటుంది. ఎక్కువ 24, 35 దగ్గరే ఉంటే పెద్ద జూమ్ మీద డబ్బు పెట్టొద్దు. నచ్చినవన్నీ మంట దగ్గరవే అయితే ఎఫ్/1.8 లెన్సు మీకు కావాలని అర్థం. ఎండలో తీసినవే నచ్చితే మీ ఫోన్ చాలు, నిజంగానే చాలు. డీ750, 24-120 కలిపి కేజీన్నర. కోటలో అది ఎంతసేపు మెడలో ఉంది, ఎంతసేపు బ్యాగులో ఉంది అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఎక్కువసేపు బ్యాగులోనే ఉంటే చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) చూడండి. నికాన్ 2018 నుంచి జెడ్ మౌంట్‌లో (లెన్సు బిగించే కొత్త అమరిక) అవే తెస్తోంది. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంటే మీ బావగారి లెన్సులు అప్పుడప్పుడు అడిగి వాటికీ తగిలించుకోవచ్చు.

బయల్దేరే ముందు, వచ్చాక ఒక్కోసారి ఎఫ్/16లో ఖాళీ ఆకాశాన్ని తీసి రెండూ పోల్చండి. కొత్తగా నల్లమచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము పడిందని. మీరు తుడవకండి, సర్వీస్‌లో శుభ్రం చేయించే ఇవ్వండి, ఆ సంగతి బావగారికి కూడా చెప్పండి.