దసరాకు దోస్తులందరం కూడుతున్నం: మూడో సినిమా ‘మా భూమి’ పెట్టాల్నా, ‘దాసి’ పెట్టాల్నా?

పానగల్లోడు:

అందరికి శనార్థులు. నల్లగొండల కలిసి డిగ్రీ చదివిన దోస్తులం మేము. ఒకడు సూర్యాపేటల, ఒకడు దేవరకొండల, ఇంకొకడు హైదరాబాద్‌ల ఉంటరు. దసరాకు మాత్రం అందరు ఇంటోళ్లతోని మా ఇంటికే వస్తరు. జమ్మి ఆకు చేతుల పెట్టుకొని అలయ్ బలయ్ తీసుకున్నంక, బంగ్లా మీద తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ల పాత సినిమాలు చూస్తం.

‘మాయాబజార్’ లేకుంటే మాకు పండుగ కాదు. 2010ల రంగులేసి వదిలిన ప్రింట్ తెస్తనని ఒకడంటే నేను గట్టిగనే వద్దన్న. కెమెరామెన్ మార్కస్ బార్ట్‌లే ‘లాహిరి లాహిరి’ పాటకు పగటి వెలుతుర్ల వెన్నెల పుట్టిచ్చిన మనిషి. 1957ల ఆయన వెలుగునీడలతోని చేసిన పని మీద మళ్ల రంగు పూసుడెందుకు? సావిత్రి శశిరేఖ రూపంల ఉన్న ఘటోత్కచుడయి నడిచే కాడ మేం ఆపి, వెనక్కి తిప్పి మళ్ల చూస్తం. ఆడపిల్ల నడకల ఎస్వీ రంగారావు భుజాలు కనవడ్తయి. గా తల ఎగరేసుడు ఎట్ల పట్టుకున్నదో తల్లి!

‘శివ’ మా వయసు సినిమా. 1989 అక్టోబర్ల వచ్చింది. సైకిల్ చైన్ గురించి అందరు చెప్తరు గని, అన్న బిడ్డను సైకిల్ మీద ఎక్కిచ్చుకొని సందులల్ల తప్పిచ్చుకుంట ఉరికే సీన్ల నాకు ఇప్పటికి అరచేతులు తడుస్తయి. 2025 నవంబర్ల మళ్ల థియేటర్లకు వస్తే మా కొడుకును తోల్కపోయిన. వాడు రఘువరన్‌ను చూసి, ‘విలన్ అరవకుంట గింత భయపెడ్తడా నాయినా’ అన్నడు. ఇంటర్వెల్‌ల తనికెళ్ల భరణి గురించి చెప్పిన: నానాజీ వేషం ఆయనదే, మాటలు ఆయనయే అని.

ఇగ ముచ్చట మూడో సినిమా కాడ ఆగింది. ఈసారి మన తెలంగాణ సినిమా ఒకటి ఉండాలని అందరం ఒప్పుకున్నం. ఇద్దరు ‘మా భూమి’ అంటున్నరు, ఇద్దరు ‘దాసి’. రెండిట్ల బి. నర్సింగరావు చెయ్యి ఉన్నది, ‘మా భూమి’కి నిర్మాతల్ల ఒకరు, ‘దాసి’కి దర్శకుడు. నా మనసు ‘మా భూమి’ దిక్కే ఉన్నది. మీరైతే ఏది పెడ్తరు, ఎందుకు పెడ్తరు?

మూసీ ఒడ్డు:

అన్నా, ‘మా భూమి’ పెట్టు. పదిమంది కూసొని చూసే సినిమా అది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ మనిషి, ఇది ఆయన మొదటి కథాసినిమా. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. గని తెర మీద పడ్డది మాత్రం మన నల్లగొండ పల్లెనే. గద్దర్ గొంగడి కప్పుకొని ‘బండెనక బండి కట్టి’ ఎత్తుకున్నప్పుడు మా నాయిన కుర్చీల నుంచి లేచి నిలవడ్డడు. ఆ పాట కట్టిన బండి యాదగిరి తెలంగాణ సాయుధ పోరాటంల ఉన్న మనిషే. ఇంక ‘పల్లెటూరి పిల్లగాడా’ రాసిన సుద్దాల హనుమంతు మా మోత్కూరు దిక్కు మనిషి. పసులు కాసే పిల్లగానికోసం గంత పాట! ఆ పాట నడుస్తుంటే ఎవరితోని మాట్లాడకు, పిల్లగాని మొఖమే చూడు.

నీ కొడుక్కు ఇంకొక మాట చెప్పు. ‘ఫిదా’ల సాయిపల్లవి తండ్రిగ చేసిన సాయిచంద్‌ను వాడు గుర్తు పడ్తడు కదా, ‘మా భూమి’ల రామయ్య ఆయననే. పడుచు పిల్లగాడుగ ఉంటడు.

ఆఖరికి దగ్గరవడ్డంక జర నిమ్మళంగ చూడున్రి. 1948ల యూనియన్ సైన్యం వచ్చినంక పారిపోయిన దొరలు మళ్ల ఊర్లకు వస్తరు, వేషం మార్చుకొని. పోరాటం 1951 దాంక ఎందుకు సాగిందని పిల్లలు అడిగితే నువ్వు పుస్తకం తియ్యనక్కరలేదు, ఆ సీన్ సాలు.

మిర్యాలగూడ టైలర్:

నేను బట్టలు కుట్టి బతికేటోన్ని, అందుకే నా కండ్లు ముందు బట్టల మీదికే పోతయి. ‘దాసి’ పెట్టున్రి.

1988 సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చినయి. తెలుగుల ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగ అర్చన, కెమెరాకు ఎ.కె. బీర్, కళాదర్శకత్వానికి మన బొమ్మలేసే తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్ సార్. సార్ మా మిర్యాలగూడ మనిషి, డ్రాయింగ్ టీచర్‌గ చేసిండు. ఆ సినిమా తర్వాత జనం ఆయన్ను ‘దాసి సుదర్శన్’ అనే పిలిచిన్రు. సినిమా పేరు ఇంటిపేరయింది.

ఎందుకయిందో తెలియాలంటే దాసి కమలాక్షిగ చేసిన అర్చన చీర చూడున్రి. షూటింగ్‌కని పొద్దున మడత విప్పి కట్టిన బట్ట లెక్క ఉండదు. గడిల, అంటే దొర ఇంట్ల, ఊడ్చి, నీళ్లు మోసి, చెమటకు తడిసి ఆరి, మళ్ల తడిసిన బట్ట అది. అటెంక దొర ఒంటి మీది బట్ట చూడున్రి. ఎవరిది ఎవరి ఇల్లో మాట లేకుంటనే తెలుస్తది. కొత్త బట్టను పాతబట్ట చేసుడు ఎంత కష్టమో మా పనోళ్లకు తెలుసు. బండకేసి ఉతికితే రంగు అంతట ఒక్క తీర్ల పోతది. నిజంగ కట్టి పాతవడ్డ చీర కుచ్చిళ్ల కాడ, చెంగు కొస కాడ, మోకాళ్ల కాడ పాతవడ్తది. కమలాక్షి వంగి పని చేసేటప్పుడు గవే చూడు, సార్ పనితనం తెలుస్తది.

మాటలు తక్కువ ఈ సినిమాల. చప్పుడు వినాలె. నడుమ ఫోన్లు మోగితే సినిమా పాడయితది, ముందే చెప్పు.

కోదాడ తమ్ముడు:

రెండు గొప్పయే, కాదన. గని నల్లగొండోళ్లు కూడి పాత సినిమాలు చూస్తరు, కాంతారావు పేరు ఎత్తరా? మా గుడిబండ బిడ్డ ఆయన. ‘లవకుశ’ల లక్ష్మణుడు, ‘నర్తనశాల’ల కృష్ణుడు, విఠలాచార్య సినిమాలల్ల కత్తి పట్టిన రాకుమారుడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఏలుతున్న రోజులల్ల తెలంగాణ నుంచి పోయి హీరోగ నిలవడుడు మామూలు ముచ్చట కాదు. సొంతంగ సినిమాలు తీసి ఉన్నది పోగొట్టుకున్నడు. ‘గురువును మించిన శిష్యుడు’ పెట్టు, పిల్లలు కదలకుంట చూస్తరు.

పాలమూరు స్వరూప:

ఇంతమంది రాసిన్రు, ఒక్కరు కూడ అడగలే. అన్నా, నువ్వు ఇంటోళ్లతోని వస్తరు అని రాసినవు. బంగ్లా మీద సినిమా నడుస్తుంటే కింద వంట ఎవరు చేస్తున్నరు? దసరా నాడు మటన్ ఉడకాలె, గారెలు కాలాలె. మా ఇంట్ల గట్లనే అయితది. సినిమా మొదలయినంక గిన్నెలు తోముడు ఒడిసి నేను మీదికి పోయేసరికి సగం అయిపోతది.

‘దాసి’ని మా అమ్మతోని కలిసి టీవీల చూసిన. ఆమె చిన్నప్పుడు వనపర్తి దిక్కు ఒక పెద్దింటికి వాళ్ల అమ్మమ్మ పనికి పోయేదట. సినిమా నడుస్తుంటే ఎన్నడు చెప్పని ముచ్చట్లు చెప్పింది. ఏ దారిల లోపలికి పోవాలె, ఏ గడప దాటొద్దు, పిలిస్తే ఎంత దూరంల నిలవడాలె, గివన్ని. కమలాక్షి కడుపుల బిడ్డ గురించి ఆ ఇంటోళ్లే తీర్పు చెప్పే కాడ మా అమ్మ నా చెయ్యి పట్టుకున్నది, సినిమా అయిపోయేదాంక ఇడిసిపెట్టలే. నాకు ఆ సినిమా అంటే మా అమ్మ చెయ్యే యాదికొస్తది.

అందుకే అంటున్న. ‘దాసి’ పెడితే ఆడోళ్లు ముందు వరుసల కూసోవాలె. మీరు పైన ‘దాసి’ చూసుకుంట, కిందికి ‘ఇంక రెండు గారెలు పంపు’ అని కేకేసుడు నాకైతే నచ్చదు. అట్ల కుదరకుంటే ఇంకేదన్న పెట్టుకోన్రి. ఆ సినిమా అట్ల చూసేది కాదు.

పానగల్లోడు:

స్వరూపక్కా, నీ మాట మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. ఆమె ‘మాయాబజార్’ల ‘వివాహ భోజనంబు’ దాంక చూసుడు, అటెంక వంటింట్లకు పోవుడు నిజమే అన్నది. ‘శివ’ ఇప్పటి దాంక మొత్తం చూడలేదట.

వంట మాట తేలింది. పగటిపూటనే అందరం కలిసి చేసి పెడ్తం. మటన్ నాది, గారెల పిండి రుబ్బుడు దేవరకొండోనిది. మాపటికి పొయ్యి వెలిగియ్యం.

సినిమా ఆడోళ్లనే ఏరుమన్నం. ‘దాసి’ అన్నరు. ‘మా భూమి’ తెల్లారి పొద్దుగాల, టిఫిన్ తిన్నంక, మా నాయిన కూడ లేచి ఉంటడు కాబట్టి. మూసీ ఒడ్డు అన్నా, నువ్వు చెప్పిన పాట కాడ ఎవ్వరిని మాట్లాడనియ్య. కోదాడ తమ్మీ, కాంతారావు సినిమా సంక్రాంతికి పక్కా. అప్పుడు చిన్న పిల్లలు ఎక్కువ వస్తరు.

టైలర్ అన్నా, ఒక్కటి చెప్పు. దుప్పటి మీద చూస్తే నువ్వన్న చీర పాతదనం కనవడ్తదా, లేక ప్రొజెక్టర్ తీసేసి టీవీల పెట్టాల్నా?

మిర్యాలగూడ టైలర్:

దుప్పటి గాలికి ఊగితే అంచులు తెల్వయి. దాన్ని కింద కూడ కట్టు, గుంజి. ఎక్కువసార్లు ఉతికిన పల్చటి దుప్పటి వద్దు, వెలుగు అవతలికి పోతది. దళసరి తెల్ల గుడ్డ అయితే మంచిగుంటది. గోడకు సున్నం కొత్తగ ఏసి ఉంటే గోడనే ఇంకా మేలు. బంగ్లా మీద వీధిలైట్ పడుతున్నదా? పడితే ‘దాసి’ మాత్రం ఇంట్లనే చూడున్రి, చీకటి సీన్లు చాలా ఉన్నయి.