మైక్రోబయాలజీ పీజీ అయిపోయింది, రోజంతా ల్యాబ్‌లో ఉండాలని లేదు. ఏ దారి పట్టాలి?

చిగురాకు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేశాను. మార్కులు బాగానే వచ్చాయి. "తర్వాత ఏంటి?" అని ఎవరైనా అడిగితే మాత్రం నోట మాట రావడం లేదు. క్లాసులో సగం మంది పీహెచ్‌డీ అంటున్నారు, మిగతావాళ్ళు క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ఉద్యోగాలకు అప్లై చేస్తున్నారు.

సబ్జెక్టంటే నాకు ప్రాణం. బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌ని ఎలా తట్టుకుంటుందో చదువుతుంటే టైమే తెలీదు. కానీ ప్రాజెక్టు రోజుల్లో లామినార్ ఫ్లో (శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్) ముందు కూర్చుని బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లు పోస్తుంటే మధ్యాహ్నానికే మనసు ఎటో వెళ్ళిపోయేది. అదే ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు రాత్రి ఎంతసేపైనా కదలకుండా కూర్చున్నాను. మా బ్యాచ్ వాళ్ళు కూడా "ఈ డిస్కషన్ చాప్టర్ కాస్త చూడవా" అని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు.

దీన్ని పట్టుకుని ఏ ఉద్యోగం వెతకాలో అర్థం కావడం లేదు. ఆన్‌లైన్‌లో కెరీర్ టెస్ట్ చేస్తే "ఇన్వెస్టిగేటివ్, ఆర్టిస్టిక్" అని వచ్చింది. కింద సైంటిస్ట్ నుంచి ఎడిటర్ దాకా చాంతాడంత లిస్టు! ఏదో ఒకదాంట్లో చేరితే అక్కడే ఇరుక్కుపోతానేమోనని భయం, చేరకపోతే గ్యాప్ వస్తుందని టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

దారిదీపం:

విద్యార్థులకు కెరీర్ సలహాలు ఇవ్వడం నా ఉద్యోగం కాబట్టి ఆ టెస్ట్ గురించి మాత్రం చెప్తాను. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతంలోంచి వచ్చినవి ఆ పేర్లు. మనుషుల ఆసక్తుల్ని, పనుల్నీ ఆరు రకాలుగా చూస్తుందది. అది మీ ఆసక్తి ఎటు మొగ్గుతోందో చెబుతుంది. మీకు ఏది చేతనవునో, ఎక్కడ ఖాళీలున్నాయో చెప్పదు. అందుకని ఆ లిస్టులోంచి ఒక పేరు ఏరుకోవద్దు. అమెరికా కార్మిక శాఖ నడిపే ఓనెట్ అనే సైట్ ఉచితం. అందులో ఒక్కో ఉద్యోగం కింద రోజువారీ పనులు రాసి ఉంటాయి. అవి చదువుతూ, ఏ పని దగ్గర మీరు ఆగి రెండోసారి చదివారో గుర్తుపెట్టుకోండి.

రెండో_షిఫ్ట్:

చిగురాకు గారూ, నాదీ మీ డిగ్రీయే. ఇంజెక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) చూస్తాను. మా దగ్గర పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్తాను.

మందు వయల్స్ (చిన్న సీసాల) లోకి నింపే గదిలో, గాలిలోంచి రాలే సూక్ష్మజీవులను పట్టే 90 మి.మీ. సెటిల్ ప్లేట్లు తెరిచి పెడతారు. ఒక్కోటి నాలుగు గంటలకు మించి ఉంచరు. తర్వాత ఇంక్యుబేషన్, అంటే వాటిలో పడిన జీవులు పెరిగేలా వెచ్చగా ఉంచడం. ఫిల్లింగ్ జరిగే చోట పెట్టిన ప్లేట్‌లో ఒక్క కాలనీ (కంటికి కనిపించేలా పెరిగిన సూక్ష్మజీవుల గుంపు) కనిపించినా విచారణ మొదలవుతుంది. ప్లేటు పెట్టడం, తీయడం, లెక్కపెట్టడం క్యూసీ వాళ్ళ పని. ఇక్కడి నుంచి మొదలయ్యేది నా పని. ఆ సమయంలో లోపల ఎవరున్నారు? మెషీన్ ఎక్కడ ఆగింది, ఎవరు చెయ్యి పెట్టారు? గది ఎప్పుడు, దేనితో తుడిచారు? ఆ కాలనీ ఏ జీవి? స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అయితే ముందు మనిషి చర్మం వైపు, గౌనింగ్ (రక్షణ దుస్తులు వేసుకునే తీరు) వైపు చూస్తాం. బాసిల్లస్ అయితే లోపలికొచ్చిన సామాను, దాని స్పోర్లను (తేలిగ్గా చావని మొండి రూపాన్ని) చంపే ద్రావణం వాడిన రికార్డు తీస్తాం. ఇవన్నీ ఒకదానికొకటి అతికేలా రాయాలి. ఎప్పుడో వచ్చే ఇన్‌స్పెక్టర్, నేను పక్కన లేకపోయినా, అది చదివి "ఔను, ఇలాగే జరిగి ఉంటుంది" అనుకోవాలి. ఈ పనంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

చూడండి, ఒకే బిల్డింగు, ఒకే డిగ్రీ, కానీ క్యూసీ వాళ్ళ రోజుకూ నా రోజుకూ పోలికే లేదు. ఉద్యోగ ప్రకటనలో మాత్రం రెండిటికీ "ఎగ్జిక్యూటివ్" అనే ఉంటుంది! అందుకే హోదా పేరు వదిలేసి, చేయాల్సిన పనులు రాసిన వాక్యాలే చదవమంటాను.

రాతపని ఎక్కువగా ఉండే ఉద్యోగాలు మన సబ్జెక్టుకి ఇంకా ఉన్నాయి. మందుకి అనుమతి కోరే దస్తావేజు తయారుచేసే రెగ్యులేటరీ అఫైర్స్, క్లినికల్ ట్రయల్ రిపోర్టులు రాసే మెడికల్ రైటింగ్, మందు వాడాక వచ్చిన దుష్ప్రభావాలను కేసులవారీగా రాసే ఫార్మకోవిజిలెన్స్, సైన్స్ పత్రికల ఎడిటింగ్. కానీ వీటిలో రాత ఒకేలా ఉండదు. ట్రయల్ రిపోర్టులో ఏ విభాగం తర్వాత ఏది రావాలో కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. సొంత శైలికి అక్కడ చోటు తక్కువ.

అందుకే నా అసలు ప్రశ్న ఇది. డిస్కషన్ చాప్టర్‌లో మీకు ఏది నచ్చింది? ఫలితం ఎందుకలా వచ్చిందో కారణాలు కలపడమా, లేక కష్టమైన విషయాన్ని ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడమా? మొదటిదైతే మా వైపు, రెండోదైతే ఎడిటింగ్, సైన్స్ రచన వైపు. తెలీకపోతే రెండూ రాసి చూడండి. మీ ప్రాజెక్టులో ఎక్కడో కంటామినేషన్ వచ్చే ఉంటుంది, దాని కారణం వెతుకుతూ ఒక పేజీ. మీకు నచ్చిన ఒక రీసెర్చ్ పేపర్ గురించి సైన్స్ చదవనివాళ్ళ కోసం ఇంకో పేజీ. ఎవరూ అడక్కుండానే దేన్ని మళ్ళీ తీసి దిద్దుతారో చూసుకోండి.

ఇరుక్కుపోతానన్న భయం వద్దు. క్యూసీలో చేరి తర్వాత క్యూఏకి, రెగ్యులేటరీకి మారినవాళ్ళు మా దగ్గరే చాలామంది ఉన్నారు.

పాతపరిచయం:

నాది సోషియాలజీ. ఒక్కమాట కలుపుతాను. మార్క్ గ్రనొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో అచ్చయిన వ్యాసంలో, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగితే ఏం చెప్పారో ఇచ్చాడు. తరచూ అన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్ళు 55.6, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్ళు 27.8. దగ్గరి స్నేహితులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి కదా. కొత్త కబురు దూరపు పరిచయాల నుంచే వస్తుంది. మొహమాటపడకుండా పాత సీనియర్లకు రాయండి.

చిగురాకు:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండో_షిఫ్ట్ గారూ, మీ ప్రశ్న చదవగానే జవాబు తట్టింది. నాకు కారణాలు కలపడమే ఇష్టం. ఒక సీనియర్ అక్క రెగ్యులేటరీలో ఉంది, పెద్దగా మాటల్లేవు. ఇలా రాశాను, సరిపోతుందా?

"నమస్తే అక్కా, నేను మీ జూనియర్‌ని. మీ ఫీల్డ్ గురించి తెలుసుకోవాలనుంది. మీ కంపెనీలో ఖాళీలుంటే చెప్పగలరా? రెజ్యూమె జత చేశాను."

రెండో_షిఫ్ట్:

ఖాళీల వాక్యం, రెజ్యూమె ఇప్పుడే వద్దు. తన చేతిలో లేని విషయం అడిగితే ఆమె ఇబ్బందిపడి జవాబే ఇవ్వకపోవచ్చు. "ఫీల్డ్ గురించి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆమెకు తోచదు. ఇలా మార్చండి: "నమస్తే అక్కా, నేను మీ జూనియర్‌ని. ప్రాజెక్టులో నాకు రిపోర్టు రాయడం బాగా నచ్చింది, అందుకే మీ పని గురించి అడుగుతున్నాను. మొన్న మంగళవారం ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు? అందులో ఏది విసుగనిపించింది? పావుగంట ఫోన్‌లో మాట్లాడగలిగితే చాలు, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే."

విసుగు గురించిన ప్రశ్న మాత్రం తీసేయకండి. ఆమె చెప్పే విసుగును మీరు భరించగలరనిపిస్తే, రెజ్యూమె అప్పుడు పంపండి.