గుండెపోటు వచ్చి ఏడాది దాటింది, పంపింగ్ బాగుంది: మెటోప్రొలాల్ ఆపేయొచ్చా?

గుళిక:
ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే రక్తం శాతం) 50 పైనే, స్టెంట్ పడింది, ఛాతీ నొప్పి లేదు. ఇంకా మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని గుండె వేగం తగ్గించే మందు) దేనికి? 2024 నాటి రెడ్యూస్-ఏఎంఐ ట్రయల్‌లో మరణం లేదా మళ్లీ గుండెపోటు చూస్తే, మందు వాడినవాళ్లలో 7.9 శాతం, వాడనివాళ్లలో 8.3. ఇదీ ఒక తేడాయేనా? నీరసం, కాళ్లూ చేతులూ చల్లబడటం ఊరికే భరించాలా?

నాడి72:
అది గుండెపోటు వచ్చిన వారంలోపు మందు మొదలుపెట్టాలా వద్దా అని తేల్చిన ట్రయల్ అండీ. వాడుతున్నది ఆపడం వేరే సంగతి. దానికి అదే ఏడాది ఫలితాలు వెలువడిన ఫ్రాన్స్ ట్రయల్ అబిస్ ఉంది. మరణం, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం అన్నీ కలిపితే ఆపినవాళ్లలో 23.8 శాతం, కొనసాగించినవాళ్లలో 21.1. బీపీ, పల్స్ పెరిగాయి. పోనీ ఆపితే హాయిగా ఉన్నారా అంటే, జీవన నాణ్యతా మెరుగుపడలేదు.

గుళిక:
ఆ తేడా ఎక్కువగా ఆసుపత్రి చేరికలదే. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు కదా.

మోతాదు:
ఇద్దరూ అసలు ప్రమాదం వదిలేశారు: ఎలా ఆపుతున్నారన్నది. చీటీ అయిపోయిందని ఒక్కసారిగా మానేసేవాళ్లూ ఉంటారు. మందు ఉన్నన్నాళ్లూ గుండెలో అడ్రినలిన్ అతుక్కునే బీటా రిసెప్టర్లు పెరుగుతాయి. హఠాత్తుగా తీసేస్తే మామూలు అడ్రినలిన్‌కే గుండె దడదడలాడుతుంది. ఛాతీ నొప్పి తిరగబెట్టొచ్చు, గుండెపోటూ రావచ్చు. అందుకే డాక్టర్ ఒప్పుకున్నాకే, ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గించాలి. ఉదాహరణకు మెటోప్రొలాల్ సక్సినేట్ 50 ఎంజీ వాడుతుంటే ముందు 25కి. గీత ఉన్న ఈఆర్ (మెల్లగా మందు వదిలే) మాత్రను ఆ గీత దగ్గర సగం చేయొచ్చు, నూరకూడదు, నమలకూడదు. నూరితే రోజంతా మెల్లగా వదలాల్సిన మందు ఒకేసారి దిగుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే కూర్చుని నిండు నిమిషం నాడి లెక్కపెట్టి రాసుకోండి. బరువు పనులు వద్దు. నొప్పి వస్తే అత్యవసర చికిత్సకు వెళ్లాల్సిందే, మాత్ర మళ్లీ వేసుకుని ఇంట్లో వేచి చూడటం కాదు.

నాడి72:
ఒప్పుకుంటా. ఈఎఫ్ 40 లోపు ఉంటే ఈ చర్చే అనవసరం, మందు ఉండాలి. 40–49 వాళ్లకూ మేలు ఉందని 2025లో ట్రయళ్లు కలిపి చూసినప్పుడు తేలింది. గుండె లయ తప్పడానికో, యాంజైనాకో (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) ఇచ్చి ఉంటే ఈఎఫ్ ఎంతున్నా లెక్క మారుతుంది. ఎందుకు రాశారో అడగకుండా ఆపడమేంటి?

గుళిక:
సరే, మరి నీరసం?

మోతాదు:
ముందు పల్స్ చూడండి. నిమిషానికి 50 లోపు, పైగా తల తిరుగుతుంటే మోతాదు ఎక్కువైందేమో. డిప్రెషన్‌కి పారోక్సెటిన్ గానీ ఫ్లుయోక్సెటిన్ గానీ కలిసిందా? అవి మెటోప్రొలాల్‌ను కాలేయంలో కరగనివ్వవు, అదే 50 మాత్ర ఇంకా పెద్దదిలా పనిచేస్తుంది. బీపీకో గుండెకో ఇచ్చే వెరాపమిల్, డిల్టియాజెమ్ కూడా ఉంటే హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలు ఆగిపోవడం) భయం, ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. చాలాసార్లు మాత్ర మానక్కర్లేదు, తగ్గిస్తే చాలు.

ఎకోచూపు:
బీపీకి క్లోనిడిన్ కూడా ఉన్నవాళ్లు గమనించండి: ముందు బీటా బ్లాకర్ తగ్గించాలి, క్లోనిడిన్ ఆ తర్వాతే. తిరగేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇన్సులిన్ వాళ్లకు ఇంకొకటి, మందు ఉన్నన్నాళ్లూ షుగర్ పడిపోయినా దడ తెలియదు, చెమట మాత్రం పడుతుంది.