నాజీలు చంపినవారి పేర్లు కాలిబాటలోనా, గోడ మీదా? మ్యూనిక్ చేసింది సబబేనా?

పాతదస్త్రం:
జర్మనీ వీధుల్లో ఇళ్ల ముందు కాలిబాటలో పొదిగిన, నాజీల బాధితుల పేర్లు చెక్కిన ఇత్తడి పలకలు చాలామంది చూసే ఉంటారు. శిల్పి గుంటర్ డెమ్నిగ్ 1992లో కొలోన్‌లో మొదలుపెట్టిన స్టోల్పర్‌స్టైన్ రాళ్లవి. 2023లో న్యూరెంబర్గ్‌లో లక్షవ రాయి వేశారు. మ్యూనిక్ నగర మండలి మాత్రం ప్రభుత్వ స్థలంలో వీటిని 2004లోనే వద్దంది, 2015లో మళ్లీ అదే తీర్మానించింది. అక్కడి యూదు సంఘం అధ్యక్షురాలు షార్లొట్టె క్నోబ్లోఖ్ కూడా గట్టిగా వ్యతిరేకించారు. ఒకసారి కాళ్ల కింద నలిగినవారి పేర్లు మళ్లీ కాళ్ల కిందికి రాకూడదన్నది ఆవిడ వాదన. 2018 నుంచి ఆ నగరం గోడ పలకలు, నిలువు స్తంభాలు పెడుతోంది. మీరేమంటారు?

గోదారిగట్టు:
మ్యూనిక్‌దే న్యాయం. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనకు ఇది విడమరచి చెప్పాలా? పైగా ఆ గోడ పలకలు బంగారు పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు. నల్లబడవు, మనిషి ఫోటో కూడా పెట్టొచ్చు.

ఇత్తడిచెంబు:
మన పట్టింపుని అక్కడికి మోసుకెళ్లకండి. తమవాళ్ల కోసం ఈ రాళ్లే కావాలని అడిగిన యూదు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మ్యూనిక్‌లో కూడా. చదవాలంటే తల వంచాల్సిందే, అది అగౌరవం ఎలా అవుతుంది? ఇంకో సంగతి. గోడకి పలక బిగించాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. కాలిబాట నగరానిది, యజమానితో పని లేదు. ఒకే ఇంటివాళ్ల రాళ్లు పక్కపక్కనే పెడతారు, పారిపోయి బతికిన పిల్లల రాళ్లతో సహా. విడిపోయిన కుటుంబం ఒక్కచోట చేరేది అక్కడే.

గోదారిగట్టు:
యజమాని ఒప్పుకోకపోతే ఇంటి ముందు ప్రభుత్వ స్థలంలో స్తంభం నిలబెడతారు. ఆ దారీ ఉంది కదండీ.

కొత్తచూపు:
నల్లబడ్డ రాళ్లని ఎవరైనా శుభ్రం చేయొచ్చా? చింతపండుతో తోమితే?

ఇత్తడిచెంబు:
చేయొచ్చు. ఆ రాయి 96 మి.మీ. చదరం, 100 మి.మీ. ఎత్తున్న కాంక్రీటు దిమ్మ, పైన ఇత్తడి రేకు. పులుపుతో ఇత్తడి వెంటనే తళతళలాడుతుంది కానీ ఆమ్లం చుట్టూ ఉన్న సిమెంటు అతుకుల్లోకి దిగి వాటిని తినేస్తుంది. సరిగ్గా కడగకపోతే రేకూ తొందరగా మళ్లీ నల్లబడుతుంది. ముందు నీళ్లతో ఇసుక, మట్టి పోగొట్టండి. లేకపోతే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత మెటల్ పాలిష్ కొద్దిగా మెత్తటి గుడ్డ మీద. ఇనుప పీచు, వైరు బ్రష్ జోలికి పోవద్దు.

వంశవృక్షం:
నేలా, గోడా అని కొట్టుకుంటున్నారు, ఏ ఇంటి ముందో ఎవరూ అడగలేదు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ఆ మనిషి తన ఇష్టప్రకారం ఉన్న చివరి ఇంటి ముందు పెట్టాలన్నది స్టోల్పర్‌స్టైన్ నియమం. నాజీలు యూదులను ఊళ్ల నుంచి తరలించినప్పుడు రాసిన జాబితాలోని చిరునామా చాలాసార్లు అది కాదు. 1939 ఏప్రిల్ 30 చట్టంతో యూదు కిరాయిదారులకు రక్షణ పోయింది. తర్వాత చాలా కుటుంబాలను ‘యూదు ఇళ్లు’ అనేవాటిలో కుక్కారు. జాబితా ఎక్కింది ఆ చిరునామా. కాబట్టి నగర దస్త్రాల నుంచి నివాస నమోదు కార్డు తెప్పించుకుని 1933 నుంచి చిరునామాలన్నీ వరసగా రాసుకోండి. 1939 మే 17 జనాభా లెక్కతో పోల్చండి. ఇంటి నంబర్లు మారి ఉండొచ్చు, ఇల్లు బాంబుల్లో పోయి ఉండొచ్చు. ఆనాటి చిరునామాల పుస్తకం, పాత పటం పక్కపక్కన పెట్టుకోకుండా స్థలం తేల్చకండి.

ఇక పేరు. 1938 ఆగస్టు ఉత్తర్వుతో, 1939 జనవరి 1 నుంచి, అధికారుల జాబితాలోని యూదు పేరు లేని మగవాళ్లకు ‘ఇజ్రాయెల్’, ఆడవాళ్లకు ‘సారా’ తగిలించారు. తర్వాతి కాగితాలన్నిటా అవే కనిపిస్తాయి. వాటిని అలాగే చెక్కిస్తే నాజీ గుమాస్తా రాతకి మనం ఇత్తడి పూసినట్టే. పుట్టిన నమోదులో మొదట రాసిన పేరే తీసుకోండి. అంచున తర్వాత చేర్చింది వదిలేయండి.

మరణ తేదీ ‘8 మే 1945’ అని కనిపిస్తే నమ్మేయకండి. ఆచూకీ లేనివారిని యుద్ధం తర్వాత కోర్టులు చనిపోయినట్టు ప్రకటించినప్పుడు వాడిన తేదీల్లో అదొకటి. మ్యూనిక్‌నే చూడండి: 1941 నవంబరు 20న దాదాపు వెయ్యి మందిని రైలెక్కించారు. మొదట అనుకున్న గమ్యం లాత్వియాలోని రీగా, దింపింది లిథువేనియాలోని కౌనస్‌లో. నవంబరు 25న అక్కడి తొమ్మిదో కోటలో కాల్చి చంపారు. పాత కాగితంలో రీగా అని ఉంటే అదే రాయించేవాళ్లున్నారు. మ్యూనిక్ నగర దస్త్రాల జీవిత చరిత్ర కోశం, జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ స్మృతి గ్రంథం, నాజీ బాధితుల రికార్డులు దాచే ఆరోల్సెన్ ఆర్కైవ్స్, ఈ మూడిట్లో కనీసం రెండు ఒక మాట మీద నిలిస్తేనే తేదీ ఖాయం చేయండి. ఒకటి రెండోదాని నుంచే ఎత్తి రాసిందేమో కూడా చూడాలి.

గోదారిగట్టు:
ఒప్పుకుంటాను. కానీ బంధువుల మాటేమిటి? ఒకరు రాయి కావాలంటారు, ఒకరు వద్దంటారు.

పాతదస్త్రం:
బంధువుల్ని ముందుగా వెతికి అడగాలనే నియమం. వాళ్లని పట్టుకోవడానికి జెరూసలేంలోని యూదు మారణకాండ స్మారక సంస్థ యాద్ వషేమ్ దగ్గరున్న సాక్ష్య పత్రాలు, అంటే చనిపోయినవారి గురించి తెలిసినవాళ్లు నింపిన ఫారాలు, బాగా పనికొస్తాయి. 1950ల నుంచి సేకరించినవి, నింపినవారి పేరు, చుట్టరికం అందులోనే ఉంటాయి. ఒకే మనిషికి వేర్వేరు చుట్టాలు నింపిన పత్రాలు దొరుకుతాయి, వయసులూ ఊళ్లూ కలవవు. అవన్నీ చదవాలి. దగ్గరి రక్తసంబంధీకులు ఒక్కరు వద్దన్నా ఆగాలనే నేనంటాను.

ఇత్తడిచెంబు:
ఒక్కరికి అంత అధికారం ఇస్తే సగం రాళ్లు పడవు. అడిగేవాళ్లే మిగలని కుటుంబాలకి?

వంశవృక్షం:
అలాంటివారికి ముందు సాక్ష్య పత్రం నింపండి. పరిశోధకులూ నింపొచ్చు, బంధువు కాదని స్పష్టంగా రాస్తే చాలు. పుట్టిన ఏడు తెలియకపోతే ‘సుమారు’ అని పెట్టండి, ఊహతో తేదీ పూర్తి చేయకండి. దీనికి నగర మండలి తీర్మానమూ, ఇంటి యజమాని సంతకమూ అక్కర్లేదు.