పాఠశాల గ్రంథపాలకుల సదస్సులో ఏ సమావేశాలను ఎంచుకోవాలి?

ప్రశ్న: మా పాఠశాల గ్రంథాలయాన్ని నేనొక్కడినే చూసుకుంటున్నాను, వృత్తి సదస్సుకు వెళ్లడం ఇదే మొదటిసారి. ఒకే సమయంలో అనేక సమావేశాలు జరుగుతున్నప్పుడు దేన్ని ఎంచుకోవాలి? తిరిగి వచ్చాక ప్రధానోపాధ్యాయులకు ఏం నివేదించాలి?

జవాబు 1: పేరున్న వక్తల ప్రసంగాలు తరచుగా తర్వాత వీడియోలుగానైనా దొరుకుతాయి కనుక, స్వయంగా చేయించి నేర్పే కార్యశాలలకే ప్రాధాన్యం ఇవ్వండి. నేను పాల్గొన్న ఒక కార్యశాలలో పాత పుస్తకాలను ఏరివేయడం నేర్పుతూ, ప్రతి పుస్తకంలోని గడువు తేదీల చీటీపై చివరి ముద్ర ఎప్పటిదో చూడమన్నారు. అయితే ఆ ముద్ర పాతదైనంత మాత్రాన తీసేయకుండా, లోపలి సమాచారానికి కాలం చెల్లిందో లేదో కూడా పరిశీలించమన్నారు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాన్ని పెరిగే జీవి అన్నారు గానీ, అరలు పెరగవు కదా!

జవాబు 2: ప్రదర్శనశాలను వదలకండి. సాఫ్ట్‌వేర్ విక్రేతలు ఎంత చక్కగా చూపించినా, మన పుస్తకసూచిని మార్క్ ఫార్మాట్‌లో (పుస్తకాల వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మార్చుకోవడానికి వీలైన ప్రామాణిక రూపం) పూర్తిగా బయటికి తీసుకోగలమా అని తప్పక అడగండి. కోహా వంటి ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడుతున్న తోటి గ్రంథపాలకులు కనిపిస్తే, విక్రేతలకంటే వారితోనే ఎక్కువసేపు మాట్లాడటం మేలని నా అభిప్రాయం.

జవాబు 3: నివేదిక ఒక్క పేజీ చాలు. విన్నదంతా రాయకుండా, ఈ విద్యాసంవత్సరంలోనే అమలు చేయదగిన ఒకటి రెండు మార్పులను, వాటికయ్యే ఖర్చుతో సహా రాయండి.