ఫాల్ట్ సీల్ అని లెక్క చెబుతోంది, కానీ రెండు వైపులా గ్యాస్ ఒకే లెవెల్లో ఉంది, ఎట్టా?

కావలి కుర్రోడు:
గ్రూపులో ఎవరన్నా ఉన్నారా? పొద్దున్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. గైడ్ సార్ ఇచ్చిన ప్రాక్టీస్ డేటా ఇది. రాళ్ళు విరిగి జారిన ఫాల్ట్‌కి అటొక బావి, ఇటొక బావి. షేల్ గౌజ్ రేషియో, అదే ఫాల్ట్ మీద రాసుకుంటూ జారిన రాళ్ళలో షేల్ (బంకమన్ను రాయి) వంతు, కడితే 0.45 వస్తోంది. 0.2 దాటితే సీల్, అంటే గ్యాస్‌ని దాటనివ్వదు, అనుకోవచ్చన్నారు, ఇది దానికి రెండింతల పైనే. మరి రెండు బావుల్లోనూ గ్యాస్ అడుగు 2,130 మీటర్ల దగ్గరే, ప్రెజర్లు కూడా ఒకే గీత మీద పడుతున్నాయి, అంటే రెండు వైపులా కలిసే ఉన్నట్టు. ఫార్ములా తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా? రేపు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

లాగ్ మాస్టారు:
ముందు షేల్ శాతం ఎలా తీశావు నాయనా? గామా లాగ్‌ని, అంటే బావిలో రాళ్ళ రేడియోధార్మికత కొలతని, సరళరేఖలో లాగేసి ఉంటావు. టెర్షియరీ రాళ్ళలో, అంటే వయసులో చిన్న రాళ్ళలో, అట్లా తీస్తే షేల్ ఎక్కువ కనిపిస్తుంది, వాటికోసం ఉన్న లారియోనోవ్ సూత్రం వాడాలి. ఇంకోటి, మైకా. మన గూడూరు, సైదాపురం పక్క మట్టిలో తళుక్కున మెరుస్తుందే, అదే. దాంట్లో కాస్త రేడియోధార్మికత ఉన్న పొటాషియం ఉంటుంది, అందుకని ఇసుకలో మైకా కలిస్తే శుభ్రమైన ఇసుకని కూడా గామా లాగ్ షేల్ అని చూపిస్తుంది. ఈ కాలం పిల్లలు బావిలోంచి తీసిన రాతి కోర్ ముక్క చేత్తో పట్టుకుని చూడరు, స్క్రీన్ మీద రంగులు చూసి తేల్చేస్తారు.

రిగ్ అన్న:
త్రో ఎంత, అంటే ఫాల్ట్ దగ్గర రాళ్ళు నిలువుగా ఎంత జారాయి? ఇసుక మందం ఎంత?

కావలి కుర్రోడు:
ఇసుక 40 మీటర్లు, త్రో 60 అన్నా. పైనా కిందా మందంగా షేలే, వేరే ఇసుక లేదు.

ఒంగోలు పెదనాన్న:
ఈ లెక్కలన్నీ సరే, ఫాల్ట్ కదిలేదైతే? మన ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, మర్చిపోయారా? కదిలే దశలో ఉన్న ఫాల్ట్‌లో ఎంత బంకమన్ను ఉన్నా పగుళ్ళు తెరుచుకోవచ్చు, గ్యాస్ పైకి పోవచ్చు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

రిగ్ అన్న:
పెదనాన్నా, ఇది ప్రాక్టీస్ డేటా. అబ్బాయ్, 60 మీటర్లు జారితే 40 మీటర్ల ఇసుకకి ఎదురుగా వచ్చేది షేలే. అక్కడ గౌజ్ లెక్క కట్టకపోయినా మూసుకునే ఉంటుంది. ఫాల్ట్ పొడవునా 60 ఉందా?

కావలి కుర్రోడు:
లేదన్నా, ఉత్తరం వైపు తగ్గుతూ పోయి 15 అవుతుంది. బావులకి దూరం కదా అని రాయలేదు. అక్కడ పై బ్లాకులో ఇసుక 2,100 దగ్గర మొదలవుతుంది.

రిగ్ అన్న:
ఇంత ముఖ్యమైంది దాచిపెట్టుకుని సాఫ్ట్‌వేర్‌ని తిడితే ఎట్టా. లెక్క చూడు. పై బ్లాకులో ఇసుక 2,100 నుంచి 2,140, కింది బ్లాకులో 2,115 నుంచి 2,155. అంటే 2,115 నుంచి 2,140 దాకా ఇసుకకి ఇసుకే ఎదురు. అక్కడ ఫాల్ట్ మీద రాసుకుంటూ జారింది ఇసుకే, షేల్ కాదు, కాబట్టి గౌజ్ రేషియో ఆ ఇసుకలో ఉన్న బంకమన్ను అంతే వస్తుంది, నీ ఇసుకలో 10 శాతం ఉంటే 0.1. గ్యాస్ అడుగు 2,130 అన్నావు, అంటే 15 మీటర్ల మేర గ్యాస్ ఉన్న చోటే దారి తెరిచి ఉంది. కట్ట ఎంత గట్టిదైనా ఒకచోట గండి పడితే చెరువు ఆగదు కదా. ఫాల్ట్ పొడవునా ఏ రాయికి ఏ రాయి ఎదురొస్తుందో చూపించే అలన్ డయాగ్రాం గీయి, బావి దగ్గర ఒక్క అంకె చూసి ఫాల్ట్ మొత్తానికి తీర్పు ఇవ్వకు. ఆ 0.2 కూడా అన్ని చోట్లా చెల్లే అంకె కాదు, ఆ ప్రాంతంలో బావుల ప్రెజర్లతో సరిచూసుకోవాల్సిందే.

లాగ్ మాస్టారు:
ఆ 10 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో అడగవేం?

కావలి కుర్రోడు:
గామా నుంచే మాస్టారూ, ఇసుకలో 10, షేల్‌లో 80. అన్నా, థాంక్స్, కరెంటు పోయేలోపు ఆ డయాగ్రాం గీసేస్తా.

రిజర్వాయర్ బావ:
ఆగండి, 'సీల్' అని మీరందరూ ఒకే అర్థంలో వాడుతున్నారా? జియాలజిస్టుకి లక్షల ఏళ్ళు నిలబెట్టేది సీల్, మాకు ఉత్పత్తి జరిగే పదిపదిహేనేళ్ళు ప్రెజర్ ఆపితే చాలు. మొదట్లో రెండు వైపులా ఒకే లెవెల్లో గ్యాస్ ఉండి, తోడడం మొదలయ్యాక ఒక పక్కే ప్రెజర్ పడిపోయిన ఫాల్టులు బోలెడు.

రిగ్ అన్న:
అది సీల్ కాదు బావా, అడ్డంకి. రెండూ కలిపేస్తే పిల్లలు గందరగోళపడతారు.

రిజర్వాయర్ బావ:
అడ్డంకి అని మీరంటారు, మా సిమ్యులేషన్‌లో దాని గుండా ప్రవాహానికి సున్నా పెట్టాల్సిందే. ఇంతకీ అబ్బాయ్, ఆ ప్రెజర్లు తీసింది ఉత్పత్తికి ముందా, తర్వాతా?