సెమిస్టర్ అయిపోతే క్లాసూ అయిపోతుంది: ఈ వ్యాయామాలు పెద్దవాళ్ల కోసమా, విద్యార్థుల మార్కుల కోసమా?

అరుగుమీద బాబాయి:
యూనివర్సిటీల నుంచి పిల్లలు వచ్చి అరవై దాటినవాళ్ల చేత వ్యాయామం చేయిస్తుంటారు కదా, ఔట్‌రీచ్ అని, దాని మీదే నా గొడవ. మా అమ్మ అలాంటి క్లాసుకి వెళ్లేది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం వచ్చేసింది, మేమంతా సంతోషించాం. ఈలోపు పరీక్షలొచ్చాయి, పిల్లలు వెళ్లిపోయారు, మళ్లీ ఎవరూ తొంగి చూడలేదు. మొదట్లోనూ చివర్లోనూ కొలతలు మాత్రం మహా శ్రద్ధగా రాసుకున్నారు. ఇది ఎవరి రిపోర్టు కోసం చేసినట్టు? ఏడాది పాటు నడిపే ఏర్పాటు లేకపోతే అసలు మొదలుపెట్టకూడదు అంటాను. మీరేమంటారు?

తెల్లకోటు ఇంకా రాలేదు:
బాబాయి గారూ, నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను, అంటే మీరు తిడుతున్న ఆ పిల్లల్లో ఒకదాన్ని. కోపం న్యాయమే. కానీ అసలు మొదలుపెట్టకూడదు అంటే ఒప్పుకోను. అమెరికాలో యూనివర్సిటీలు కలిసి చేసిన లైఫ్ అనే అధ్యయనం 2014లో వచ్చింది. 70 నుంచి 89 ఏళ్ల మధ్యవాళ్లు 1,635 మంది, అందరూ కాళ్లలో సత్తువ తగ్గినవాళ్లే. సగం మందితో నడక, కాళ్ల బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించారు, మిగతా సగానికి ఆరోగ్యం గురించి క్లాసులు చెప్పారు. సగటున 2.6 ఏళ్లు చూస్తే, 400 మీటర్లు నడవలేని స్థితికి వచ్చినవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 30.1 శాతం, క్లాసులు విన్నవాళ్లలో 35.5 శాతం.

నడిస్తే చాలు:
అంటే నూటికి ఐదుగురు. దీనికింత హడావిడా? పొద్దున్నే ఓ గంట నడిస్తే పోలా? యూనివర్సిటీ ఎందుకు, బ్యానర్ ఎందుకు, గ్రూప్ ఫోటో ఎందుకు.

తెల్లకోటు ఇంకా రాలేదు:
ఆ ఐదుగురిలో మీ ఇంట్లోవాళ్లు ఉంటే చిన్న లెక్కలా అనిపించదండీ. నడక మంచిదే, కాదనను. కానీ బాత్రూంలో కాలు జారినప్పుడు ఆపుకోవడానికి నడక ఒక్కటే సరిపోదు, తొడల్లో బలం, బ్యాలెన్స్ కూడా కావాలి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 65 దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయమంది. ఈ వయసులో బలం ఏం పెరుగుతుందిలే అనుకోకండి. 1990లో తొంభై ఏళ్ల వయసువాళ్ల చేత 8 వారాలు బరువులు ఎత్తిస్తే కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

అరుగుమీద బాబాయి:
బలం పెరుగుతుంది సరే. ఆపేస్తే?

తెల్లకోటు ఇంకా రాలేదు:
కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. మీ పాయింటు అదేనని తెలుసు :)

డెబ్భై రెండు నాటౌట్:
నేను ఆ క్లాసుల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో చూసే పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోవాలి. నా పక్కనున్న పెద్దమనిషి ప్రతిసారీ గుట్టుగా మోచేతిని తొడకి ఆనించేవాడు, లెక్కపెట్టే అమ్మాయి చూసి కూడా ఊరుకునేది. అది జాలి. మాకు అక్కర్లేనిది అదే. ఇంకోటి, లేచి నిలబడగానే "సూపర్ తాతగారూ" అని చప్పట్లు. ముప్పై ఏళ్లు సర్వీసు చేసి రిటైరైనవాళ్లం బాబూ, ఎల్‌కేజీ పిల్లలం కాదు.

అది పక్కన పెడితే, పిల్లలు వెళ్లిపోయాక మేం కొందరం అదే టైముకి కలిసి చేసుకున్నాం. మానలేదు. చిక్కెక్కడొచ్చిందంటే, నేర్పినవి నేర్పినట్టే చేస్తూ పోయాం. ఎప్పుడు పెంచాలి, ఎంత పెంచాలి, మోకాలు నొప్పెడితే దేన్ని మానాలి, ఇవేవీ మాకెవరూ చెప్పలేదు. అన్నీ వాళ్ల ఫైల్లోనే ఉండిపోయాయి.

ఫైళ్లు మోసేవాడు:
ఇలాంటివి నడిపే వైపు పనిచేశాను. ఏడాదంతా నడపాలంటే ప్రతి క్లాసులో ఒక టీచరు ఉండాలి, బీపీ చూడాలి, ఎవరైనా పడితే బాధ్యత ఎవరిదో తేలాలి, సెలవుల్లో ఆ పని ఎవరు చేస్తారు? బాబాయి గారి షరతు పెడితే సగం కార్యక్రమాలు పుట్టకుండానే పోతాయి. కానీ నాటౌట్ గారు చెప్పిందే అసలు సంగతి. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 1990లలో తయారుచేసిన పద్ధతి చూడండి. ఫిజియో ఇంటికి వచ్చేది కొన్నిసార్లే, మధ్యలో ఫోన్లు. వారానికి 3 సార్లు, సుమారు అరగంట, ఆ మనిషే సొంతంగా చేసుకోవాలి. ఫిజియో రోజూ ఉండడన్న సంగతి ముందే లెక్కలోకి తీసుకున్నారు. వాళ్ల అధ్యయనాల్లో పడిపోవడాలు దాదాపు 35 శాతం తగ్గాయి. మనవాళ్లు విద్యార్థి లేకపోతే కదలని క్లాసు కట్టి, తర్వాత విద్యార్థిని తీసేస్తారు.

అరుగుమీద బాబాయి:
ఏడాది మాట నేను వదలను. పోనీ, వదలమంటే నాదొక బేరం. చివరి రెండు వారాలు కొలతలకి కాకుండా అప్పగింతకి పెట్టండి. గ్రూపులో ఇద్దరు ముగ్గురికి ఎలా పెంచాలో, ఎక్కడ ఆపాలో నేర్పి వెళ్లండి. ఆర్నెల్ల తర్వాత ఒకసారి వచ్చి ఎంతమంది ఇంకా చేస్తున్నారో లెక్కపెట్టి, మార్కులు దానికి వేయండి.

తెల్లకోటు ఇంకా రాలేదు:
ఆర్నెల్లకి మా బ్యాచ్ ఉండదు కానీ కింది బ్యాచ్ రావచ్చు. మా గైడ్‌ని అడుగుతాను. మార్కుల సంగతి మాత్రం ఆయన చేతిలో లేదు.

నడిస్తే చాలు:
ఇంత చెప్పారు కాబట్టి అడుగుతున్నా, కాళ్ల బలానికి చీలమండకి బరువు కట్టుకుని చేస్తారు కదా, ఆ బరువు ఎప్పుడు పెంచాలో ఎలా తెలుస్తుంది?

తెల్లకోటు ఇంకా రాలేదు:
8 నుంచి 10 సార్లు ఎత్తేసరికి కాలు అలిసేంత బరువుతో మొదలుపెట్టాలి. పదేసి చొప్పున రెండు విడతలు ఊగకుండా చేయగలిగితే అప్పుడు కొంచెం పెంచాలి. గుండె జబ్బు, ఈమధ్యే ఆపరేషన్ లాంటివి ఉంటే ముందు డాక్టర్ని అడగండి. నాటౌట్ గారూ, మీ గ్రూపుకి ఇవన్నీ ఒక పేజీలో రాసి పంపుతాను, అక్షరాలు పెద్దవిగా పెట్టనా?

డెబ్భై రెండు నాటౌట్:
పెట్టు తల్లీ. బొమ్మలు కూడా వెయ్యి.